కల్వర్టు కింద లేని లోతు

ఆ కబురు మొదట నా దాకా తెచ్చింది మా ఇంటికి రోజూ పూలిచ్చే ఆవిడ. సైటు మీదున్న ఇంజనీర్లు కాదు, కాంట్రాక్టరు మనుషులు కాదు, ఆవిడే. తేవడం కూడా కబురులా తేలేదు. పూలు తగ్గినందుకు సంజాయిషీలా చెప్పింది.

“ఇయ్యాల చామంతులు తక్కువండి అమ్మగారూ, ఏమనుకోకండి. మా ఊళ్ళో కొత్త కల్వర్టు గోడలు లేపిన కాడ్నించీ మురుక్కాలవ నీళ్ళు కిందకి పోటంలేదండి. మొన్నటి వానకి మొక్కలన్నీ నీళ్ళలో ఉండిపోయినాయి. ఇంకో వాన గట్టిగా పడితే ఇంట్లోకే వచ్చేత్తాయంటున్నాడు మా ఆయన.”

చెప్పేసి బుట్ట ఎత్తుకుని పక్కింటికి వెళ్ళిపోయింది. ఆ కల్వర్టు లెక్కలు కట్టింది మా ఆఫీసేనని ఆవిడకి తెలియదు. నేనూ చెప్పలేదు. దీపం వెలిగించి దేవుడి ముందు కూర్చున్నాను కానీ, రోజూ నోటికి వచ్చే స్తోత్రం సగంలో ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ అక్కడే ఆగింది. కళ్ళు మూసుకుంటే నీళ్ళలో నిలబడ్డ మొక్కలు. హారతి ఇచ్చానో లేదో కూడా గుర్తు లేకుండా ఆఫీసుకు బయలుదేరాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను కనుక నేనెవరినో కొంచెం చెప్పాలి. చిన్నప్పుడు వచ్చిన జ్వరం నా కుడికాలిని తీసుకుపోయింది. బడి మా ఊరికి దూరం. మా నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు, లెక్కలంటే ఆయనకు ప్రాణం. నాకు బడి, మేష్టారు, పరీక్ష అన్నీ ఆయనే. అరుగు మీద పలక పెట్టి బీజగణితం దాకా తీసుకెళ్ళారు. రుణసంఖ్యకు వర్గమూలం అనుకునే కల్పిత సంఖ్య గురించి మొదటిసారి విని నేను నవ్వితే, నవ్వకమ్మా, అది కూడా ఏదో చెప్పడానికే వస్తుంది, ఏం చెబుతోందో విను అన్నారు. తరవాత ప్రైవేటుగా పరీక్షలు రాశాను. రాజమండ్రిలో ఒక చిన్న డిజైను ఆఫీసులో చేరి, రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నాను. కాలువల మీద, మురుగు కాలువల మీద కట్టే చిన్న చిన్న వంతెనలకు లెక్కలు కట్టి డ్రాయింగులు ఇవ్వడం మా పని. ఆ ఆఫీసు నడిపే పెద్దాయన నా కాలు చూడకుండా, ఒక లెక్క ఇచ్చి చెయ్యమని, చేశాక ఉద్యోగం ఇచ్చారు. ఆయనకు ఇప్పటికీ రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. తరవాత చెప్పబోయే సంగతుల వల్ల ఆ దణ్ణం తగ్గలేదు.

లెక్క ఎలాంటిదో ఒక్కసారి చెప్తాను, ఆ తరవాత విసిగించను. వెడల్పుగా పోయే నీటిని ఇరుకు కల్వర్టులోంచి పంపాలంటే, ఆ ఇరుకులో నీరు ఎంత లోతున పోతుందో చూసుకోవాలి. దానికి ఒక ఘన సమీకరణం ఉంది. మూడు సమాధానాలు వస్తాయి. ఒకటి రుణసంఖ్య, దాన్ని వదిలేయాలి. మిగతా రెండూ మామూలు వాస్తవ సంఖ్యలైతే నీరు హాయిగా పోతుంది. ఆ రెండూ సంకీర్ణ సంఖ్యలైతే, అంటే వాటిలో కల్పిత భాగం ఉంటే, ఆ ఇరుకులో అంత నీటికి చాలిన లోతు అసలు లేదని అర్థం. అప్పుడు నీరు వెనక్కి ఎగదన్ని, పై వైపున మట్టం లేచి, ఆ తరవాతే పోతుంది. లేచినంత మేరా ఊళ్ళు మునుగుతాయి.

మేం ఇవన్నీ చేతితో చేసే రోజులు పోయి, బీజగణితం చేసే సాఫ్ట్‌వేరు వచ్చింది. సమీకరణం ఇస్తే మూడు సమాధానాలూ సూత్రాలతో సహా అప్పగిస్తుంది. అందులో ఒక చిత్రం ఉంది. మూడూ వాస్తవ సంఖ్యలే అయినప్పుడు కూడా ఆ సూత్రం సంకీర్ణ సంఖ్యల మీదుగానే నడిచి వస్తుంది. పొలం గట్టు మీద నడిచి వచ్చినవాడి కాళ్ళకు మట్టి అంటినట్టు, ఎక్కడో దశాంశాల అడుగున రవ్వంత కల్పిత భాగం అంటుకుని వస్తుంది. దానికి అర్థం లేదు, దులిపేసుకోవచ్చు. కానీ పక్కన కల్పిత భాగానికి గుర్తయిన ‘ఐ’ అన్న అక్షరం మాత్రం పడుతుంది.

ఒకసారి మా రిపోర్టులో ఒక లోతు పక్కన ఆ ‘ఐ’ అలాగే అచ్చయిపోయింది. పై ఆఫీసులో ఎవరో దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఈ ఐ అనే సామాను ఎస్టిమేటులో ఎక్కడా చూపించలేదేమని రాసి తిప్పి పంపారు. పెద్దాయన ఆ కాయితం పట్టుకుని ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి చూపించి నవ్వారు. నవ్వుతూనే, ఇకమీదట ‘ఐ’ మన గుమ్మం దాటకూడదన్నారు. అప్పటినుంచి అది మా ఆఫీసు ఆచారమైపోయింది. మడి కట్టుకున్నంత నిష్ఠగా పాటించాం. రిపోర్టు కట్టేముందు ఒకరు పేజీ పేజీ తిరగేసి ‘ఐ’లు ఏరేవారు, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు.

అలాంటప్పుడు తుని నుంచి ఆ అమ్మాయి వచ్చింది. ఎంటెక్ చదివి, కొత్తగా చేరి, ఇంకా పర్మనెంటు కాలేదు. గబగబా మాట్లాడేది, గబగబా తినేది. నా కాలు చూసి జాలిపడని మనిషి. మెట్ల దగ్గర చెయ్యందించేది, అందిస్తూనే లెక్కల గురించి వాదించేది. మేం పేజీలు తిరగేసి ‘ఐ’లు ఏరడం చూసి, దీనికింత కష్టమెందుకండీ అని ప్రోగ్రాములో ఒక్క లైను రాసింది. ఏ సమాధానం వచ్చినా దాని వాస్తవ భాగం మాత్రం ఉంచి, మిగతాది పారేసే లైను. ఆఫీసంతా సంబరపడ్డాం. పెద్దాయన కాజాలు తెప్పించారు. పూలావిడ ఊరి కల్వర్టు లెక్క ఆ తరవాత చేసిందే.

ఆవిడ చెప్పిన సంగతి ఆఫీసులో చెప్పగానే పెద్దాయన సైటుకు ఫోను చేశారు. గుర్రపు డెక్క అడ్డం పడిందండీ, అంతేనని జవాబు వచ్చింది. నమ్మడానికి తేలికైన మాట. మా వైపు మురుగు కాలువల్లో నీళ్ళకన్నా డెక్కే ఎక్కువ కనిపిస్తుంది. మనుషుల్ని దింపి డెక్క తీయించారు. నీరు కాస్త దిగింది, మళ్ళీ అక్కడే నిలబడింది. పూలావిడ మర్నాడూ చామంతులు తక్కువే తెచ్చింది. ఇంతలో బంగాళాఖాతంలో వాయుగుండం పడుతుందని టీవీల్లో మొదలైంది. కాంట్రాక్టరుకు తొందర, వాన రాకముందే పైన స్లాబు పోసేస్తే ఆ పని అయిపోతుందని. స్లాబు పడితే ఇక నీరు పోవడానికి కట్టిన ఆ రెండు ఖానాలే శాశ్వతం.

నాకు కుర్చీలో కుదురు లేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి మబ్బు చూసేదాన్ని, మళ్ళీ వచ్చి కూర్చునేదాన్ని. చివరికి భోజనాల వేళ అందరూ లేచాక ఆ కల్వర్టు కొలతలు ముందు పెట్టుకుని, నాన్నగారు నేర్పినట్టు చేతితో లెక్క మొదలుపెట్టాను. సమీకరణానికి గీత గీసి, అది అడ్డగీతను తాకిన చోట లోతు చదువుకోవడం ఆయన పద్ధతి. నా గీత తాకలేదు. దగ్గరిదాకా దిగి, తాకకుండానే మళ్ళీ పైకి వెళ్ళిపోయింది. ఎక్కడో తప్పు చేశానని మళ్ళీ గీశాను. మళ్ళీ అంతే.

ఆ అమ్మాయి టిఫిను డబ్బా కడుక్కుని వస్తుంటే పిలిచి అడిగాను. “నాకు ఇక్కడ లోతే రావడంలేదమ్మా. నీ సాఫ్ట్‌వేరుకు ఎక్కడ దొరికింది?”

నా మీద జాలిపడినట్టు ముఖం పెట్టి కంప్యూటరు తెరిచింది. నాకు అర్థమయ్యేలా ఒక్కొక్క మెట్టే చూపిస్తూ, తన లైను దాకా వచ్చింది. చూపిద్దామనే ఆ లైను పక్కన పెట్టి మళ్ళీ నడిపింది. తెర మీద రెండు సమాధానాలూ పడ్డాయి. రెంటి వాస్తవ భాగాలూ మా రిపోర్టులో ఉన్న లోతే. రెంటి పక్కనా ‘ఐ’. అది అడుగున అంటిన మట్టి కాదు. లోతు ఎంతో, కల్పిత భాగం అందులో నాలుగో వంతు ఉంది.

ఆ పిల్ల చేతిలో తడి డబ్బా నుంచి నీళ్ళు కారి కీబోర్డు మీద పడుతున్నా చూసుకోలేదు. సాఫ్ట్‌వేరు లోతు లేదని చెప్పింది. మా లైను ఆ మాట కత్తిరించి, మిగిలిన ముక్కను లోతని చూపించింది. చూడ్డానికి అది చక్కటి లోతు, ఎవరికీ అనుమానం రానంత చక్కగా ఉంది.

డబ్బా కింద పెట్టి అంది, ఆ లైను మార్చేసి, మళ్ళీ చూస్తే తేడా వచ్చిందని మాత్రం చెబితే సరిపోదా మేడం అని. తనకు పర్మనెంటు లెటరు రావలసిన నెల అది. నేను గీతలు గీసిన కాయితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. నిజం చెప్పు అంటే ఆ మాట నాదవుతుంది, వద్దంటే ఆ పాపం నాదవుతుంది. లోపల మాత్రం దేవుడా, ఈ పిల్ల నోట మంచి మాట రానివ్వు అని అదే పనిగా అనుకుంటూ ఉన్నాను. మర్నాడు అందరం సైటుకు వెళ్ళాల్సి ఉంది, ఒకవేళ రాకపోతే అక్కడ నేనే చెప్పాలి. చెబితే ఆ పిల్ల ముఖం ఎలా చూడాలి? ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అన్నం కలుపుకుని, తినకుండా కంచం ముందు ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

మర్నాడు అందరం సైటుకు వెళ్ళాం. పెద్దాయన, ఆ పని చేయిస్తున్న డిపార్టుమెంటు ఇంజనీరుగారు, కాంట్రాక్టరు, నేను, ఆ అమ్మాయి. నాకోసం గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అక్కణ్ణుంచి చూస్తే లెక్కలు రానివాళ్ళకు కూడా తెలుస్తుంది, కల్వర్టుకు పైన నీటి మట్టం ఒకటి, కింద ఒకటి. పైన నర్సరీ షెడ్లు, వాటి వెనక నాలుగైదు ఇళ్ళు. ఇనుము కట్టేసి ఉంది, మిక్చరు మెషీను తెచ్చి పెట్టారు. ఊళ్ళోవాళ్ళు గట్టు మీద నిలబడి ఉన్నారు. వాళ్ళలో పూలావిడ భర్త ఉన్నాడట, నాకు తరవాత తెలిసింది. తూర్పున మబ్బు నల్లగా కమ్ముకుని ఉంది.

కాంట్రాక్టరు మాటకారి. ఇంకో దఫా డెక్క తీయించేస్తానండి, ఈలోగా స్లాబు వేసేస్తానండి, వాన పడితే నా ఇనుము తుప్పు పట్టిపోద్దండి అని పెద్దాయన్ని బతిమాలుతున్నాడు. పెద్దాయన సరే అనబోతున్నారు. ఆయన తల ఊపడం మొదలుపెట్టడం నేను చూశాను. కుర్చీ పిడులు పట్టుకుని లేవబోయాను.

“స్లాబు వెయ్యకండి,” అంది ఆ అమ్మాయి.

కాంట్రాక్టరు నవ్వాడు. “అమ్మాయిగారూ, నీళ్ళకి మీ కంప్యూటర్లు తెలవ్వండి. దారిత్తే అయ్యే పోతాయండి.”

“దారి లేదండి. రెండు ఖానాల్లో అంత నీరు పట్టదు. ఈ మాట సాఫ్ట్‌వేరు మొదటే చెప్పింది. అది రిపోర్టులో పడకుండా చేసిన లైను నేను రాశాను. ఇంకెవరూ రాయలేదు.”

పెద్దాయన ఆ అమ్మాయిని కాదు, నన్ను చూశారు, నిజమేనా అన్నట్టు. నేను తల ఊపాను. ఇంజనీరుగారు హెల్మెట్టు తీసి చంకలో పెట్టుకుని, అయితే ఇప్పుడేం చెయ్యమంటావమ్మా అన్నారు. కోప్పడలేదు. ఆయనకూ ఆ మబ్బు కనిపిస్తోంది కదా.

కల్వర్టు పక్కన కొత్తగా పోసిన రోడ్డు కట్ట వైపు చెయ్యి చూపించింది. “అటుపక్క కట్ట కొట్టేయించండి సార్. వాన నీళ్ళు అక్కణ్ణుంచి పోతాయి. తగ్గాక అక్కడే మూడో ఖానా కట్టుకోవచ్చు.”

అడిగిన పని చిన్నది కాదు. కొట్టేస్తే ఊరికి రోడ్డు ఉండదు, కొట్టమన్నది ఎవరని రేపు పై నుంచి అడుగుతారు. గట్టు మీద ఉన్నవాళ్ళలో అప్పుడే గొణుగుడు మొదలైంది, రోడ్డు లేకపోతే మేమెలా వెళ్ళాలని. ఇంజనీరుగారూ పెద్దాయనా కాస్త పక్కకు వెళ్ళి మాట్లాడుకున్నారు. తిరిగొచ్చి పెద్దాయన కాంట్రాక్టరుతో అన్న మాట ఒక్కటే, పొక్లెయిన్ పిలిపించండి అని.

“ఆయ్,” అన్నాడు కాంట్రాక్టరు, ముఖం మాడ్చుకుని.

పొక్లెయిన్ పని పూర్తయ్యేసరికి చినుకులు మొదలయ్యాయి. వాయుగుండం మా వైపే వచ్చింది. ఎడతెరిపి లేకుండా కురిసింది. నేను ఇంట్లో ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరుగుతూ, దేవుడి ముందు కూర్చోలేక, కూర్చోకుండా ఉండలేక గడిపాను. వాన ఆగాక తెలిసింది, నీరంతా గండిలోంచి పోయిందనీ, ఇళ్ళలోకి రాలేదనీ. నర్సరీ మొక్కలు కొన్ని పోయాయి, చాలావరకు నిలిచాయి.

పూలావిడ వచ్చినప్పుడు ఆ సంగతులేవీ చెప్పలేదు. బుట్ట దించి, రోడ్డు కొట్టించినవాళ్ళని తిట్టడం మొదలుపెట్టింది. పొలాల మీదుగా చుట్టూ తిరిగి రావాల్సి వస్తోందట, బుట్టతో బురదలో జారి పడిందట. “ఎవత్తో కుర్ర ఇంజనీరంటండి. దాని దుంపతెగ, రోడ్డు మీద పగబట్టింది” అంది. నేను చామంతులు తీసుకుని, నీ ఇల్లు బాగుందా అని అడిగాను. ఇంటికేమండి, బానే ఉంది అంది, దాని గురించి ఎందుకు అడుగుతున్నానో అర్థం కానట్టు. ఆ రోజు స్తోత్రం మాత్రం చివరిదాకా వచ్చింది.

పై ఆఫీసు నుంచి సంజాయిషీ అడిగారు. పెద్దాయన మంచి మనసుతోనే, సాఫ్ట్‌వేరులో లోపం అని రాద్దామన్నారు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. అది అబద్ధం చెప్పలేదండి, చెప్పింది మనమే వినలేదు, అలా రాస్తే రేపు ఇంకొకరు కూడా వినరు అంది. ఉన్నదున్నట్టు రాశారు. జవాబుగా, ఆ డిపార్టుమెంటు పనుల్లో ఆవిడను పెట్టవద్దని కాయితం వచ్చింది. మా ఆఫీసుకు వేరే పనులు లేవు. పెద్దాయన ఆ కాయితం బల్ల సొరుగులో పెట్టారు. ఆ తరవాత మా ఆఫీసు ఆచారం మారిపోయింది. ‘ఐ’ ఎక్కడ కనిపించినా చెరపకుండా ముందు తన దగ్గరకు తెమ్మన్నారు. కానీ ఆ పిల్ల ఉద్యోగం పోకుండా ఆపలేకపోయారు. ఆపగలిగి ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అనిపించినప్పుడల్లా, నాకు అన్నం పెట్టిన మనిషి కదా అని నన్ను నేనే కసురుకుంటాను.

ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చునే పిల్లలకు నేను చెప్పేదల్లా ఇది. సాఫ్ట్‌వేరు సంకీర్ణ సంఖ్య ఇస్తే వెంటనే వాస్తవ భాగం తీసుకుని పరుగెత్తకండి. కల్పిత భాగం ఎంతుందో చూడండి. అణువంత ఉంటే దులిపేయండి. అంతకు మించితే ఆగండి. మీ ప్రోగ్రాము కూడా అక్కడ ఆగి మిమ్మల్ని పిలిచేలా రాసుకోండి. వాస్తవ సంఖ్యలు మాత్రమే ఇమ్మని సాఫ్ట్‌వేరును అడిగి, అది ఏమీ ఇవ్వకపోతే, ఆ ఏమీ లేకపోవడమే జవాబని తెలుసుకోండి. ఇది తెలిసినందుకు మాకు పోయింది ఒక రోడ్డూ, ఒక మంచి ఇంజనీరూ. మీకు ఉచితంగా ఇస్తున్నాను.

ఆ అమ్మాయి వెళ్ళేరోజు మెట్ల దగ్గర చెయ్యందించి నన్ను దింపి, రిక్షా ఎక్కించి, ఊరు చేరి ఫోను చేస్తానంది. చేసింది, కొన్నాళ్ళు. తరవాత నంబరు మారిపోయింది. తునిలో అడిగించాను, వాళ్ళు ఇల్లు మారిపోయారన్నారు. ఎక్కడో పాఠాలు చెబుతోందని ఒకరు, వేరే ఉద్యోగంలో ఉందని ఇంకొకరు అన్నారు. ఏది నిజమో తెలియదు. మొన్న ఒక పెళ్ళికి కారులో వెళుతూ ఆ కల్వర్టు దాటాను. మూడు ఖానాలు, కింద నీరు చప్పుడు లేకుండా పోతోంది. పక్కన పలక మీద చాలామంది పేర్లున్నాయి. కారులో ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే ఆపమనాలి, ఆపితే దిగాలి, దిగి ఏం చెయ్యాలో నాకు తెలియదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఏదైనా వానాకాలంలో మీరు మా వైపు వచ్చి ఒక చిన్న కల్వర్టు దాటితే, నన్ను తలుచుకోనక్కర్లేదు. నోరు మూసుకుంటే ఉద్యోగం మిగిలేదని తెలిసీ, గట్టు మీద నిలబడి ఆ లైను నాది అని చెప్పిన తుని పిల్లను ఒక్క క్షణం తలుచుకోండి. ఆవిడ ఎక్కడున్నా అక్కడ వాన పడుతున్నా, ఇల్లు పొడిగా ఉండాలని కోరుకోండి.